బావ అడిగిన ప్రశ్నలు

కొండ మీద, వాతావరణ కేంద్రం
గురువారం

బావా,

పొద్దున బెలూను వదలడానికి బయటికి వస్తే లోయ లేదు. నిన్నటిదాకా ఉన్న ఇళ్లూ, రోడ్డూ, నది వంపూ ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టు పోయాయి. మెట్ల కింద తెల్లగా మబ్బు నిలబడి ఉంది, అడుగు పెడితే తేలతానేమో అనిపించేంత నిండుగా. బెలూను వదిలాక అది పైకి పోతోందో, నేనే కిందికి దిగిపోతున్నానో కాసేపు తెలియలేదు. నువ్వు చిన్నప్పుడు నాకు మబ్బుగాడని పేరు పెట్టినందుకు ఈ ఉద్యోగం దొరికిందని ఇక్కడివాళ్లకి చెబితే నవ్వుతారు.

అసలు విషయం. పెళ్లి కొన్నాళ్లు వాయిదా వెయ్యడం కుదురుతుందా? నాలుగు నెలలే ఉందని తెలుసు. ఇక్కడ పాత గాలి మీటర్లు తీసి కొత్తవి పెడుతున్నారు, సెలవు కష్టం. పైగా ఆ అమ్మాయి మొక్కల మధ్య పెరిగిన మనిషి. ఈ కొండ మీద గడ్డి కూడా ఆలోచించి మొలుస్తుంది. ఆమె రాసిన రెండు ఉత్తరాలకి జవాబివ్వలేదు. ఏం రాయాలో తోచలేదు. నువ్వు కుదిర్చిన సంబంధం కాబట్టి నువ్వే నెమ్మదిగా చెప్పు. అక్కకి ఇప్పుడే చెప్పకు.

ఫోను చెయ్యకు. ఇక్కడున్న ఒక్క ఫోనూ మా కేంద్రం పెద్దాయన బల్ల మీద ఉంటుంది, ఆయన చెవులు దానికంటే బాగా పనిచేస్తాయి. గురువారం రోప్‌వే తొట్టిలో సామాన్లతో పాటు ఉత్తరాలు వస్తాయి, అదే నయం.

మబ్బు


బైండింగ్ షాపు, వెనక గది
సోమవారం

మబ్బూ,

గాలి మీటర్లు బిగించడానికి పెళ్లికొడుకు ఎందుకురా? నీకు తొమ్మిదేళ్లప్పుడు మీ అక్కతో పాటు నిన్నూ ఇంటికి తెచ్చుకున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు రెండు కారణాలు చెబుతావు. నిజమైతే ఒకటి కూడా చెప్పవు.

శనివారం ఆ అమ్మాయి షాపుకి వచ్చింది. ఎండబెట్టిన ఆకులు అతికించిన నోటుపుస్తకాలు మూడు తెచ్చింది, కలిపి కుట్టమని. ఒక్కో పేజీ తిప్పుతుంటే గదంతా ఎండుగడ్డి వాసన. నేను దారానికి మైనం రాస్తున్నాను. ఆమె అట్టల రంగు చూస్తున్నట్టు అటు తిరిగి అడిగింది.

"కొండ మీదికి ఉత్తరాలు సరిగ్గానే చేరతాయా అండీ?"

"చేరతాయమ్మా. వాడే కాస్త ఆలస్యంగా చేరే రకం."

నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జిగురు గిన్నెలో పెట్టుకున్నాను.

మనసులో ఇంకెవరైనా ఉంటే చెప్పు. ముందు తిడతాను, తరువాత సర్దుతాను. ఒంట్లో బాగాలేకపోతే అదీ చెప్పు. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పను.

ఇక్కడ అంతా మామూలే. కూర్చుంటే నడుం పట్టేస్తోందని ఎత్తు బల్ల ఒకటి చేయించుకున్నాను, నిలబడే కుడుతున్నాను. గుర్రంలా ఉన్నావని మీ అక్క వెక్కిరిస్తోంది.

బావ


కొండ మీద
గురువారం

బావా,

ఇంకెవరూ లేరు. ఉంటే బాగుండునేమో, చెప్పడం తేలికయ్యేది.

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. రెండు నెలల కింద ఇక్కడ కొత్త స్నానాల గది కట్టారు. పాతదాంట్లో ఆవిరీ చీకటీ తప్ప ఏమీ ఉండేవి కావు. కొత్తదాంట్లో గోడలు తెల్లవి, దీపం తెల్లది. మొదటిరోజే చూసుకున్నాను. పురుషాంగం మొన అంచు చుట్టూ చిన్న చిన్న బొడిపెలు. ఆవగింజ కంటే చిన్నవి, చర్మం రంగులోనే, ఎవరో సూదితో వరసగా పొదిగినట్టు. కింద చర్మం మీద లేత పసుపు చుక్కలు కూడా ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. ఎప్పటినుంచి ఉన్నాయో తెలియదు. ఇన్నేళ్లు నా ఒంటిని నేను చూసుకోనేలేదని అర్థమైంది.

ట్రైనింగులో ఉన్న రోజుల్లో, ఆరేళ్ల కింద, ఒకసారి ఒకామెతో ఉన్నాను. ఒక్కసారే. అప్పుడే తగులుకుందని అనుకుంటున్నాను. ఇక్కడ ఫస్ట్ ఎయిడ్ బీరువాలో ఒక వైద్య పుస్తకం ఉంది. అందులో బొమ్మలు చూశాక రెండు రోజులు అన్నం సహించలేదు. అందులో ఏదీ నాదానిలా లేదు, కానీ అన్నీ నావే అనిపించాయి.

నేల తుడిచే మందు నీళ్లలో కలిపి రోజూ కడుగుతున్నాను. చర్మం ఎర్రబడి ఊడుతోంది, బొడిపెలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ అమ్మాయి రెండో ఉత్తరంలో ఒక ఆకు పెట్టి పంపింది. దాన్ని చేతులు కడుక్కుని ముట్టుకున్నాను బావా. అలాంటి మనిషికి ఈ రోగం ఎలా ఇవ్వను? మబ్బులోంచి నడిచి వెళ్లి అటువైపు ఇంకెవరిలాగో తేలితే బాగుండునని రోజూ అనిపిస్తోంది.

మబ్బు


బైండింగ్ షాపు
సోమవారం

మబ్బూ,

ముందు ఆ నేల మందు ఆపు. ఇవాళే. నువ్వు నేలవి కాదు.

హాస్టల్లో నా గదిలో ఉండేవాడికి సరిగ్గా నువ్వు రాసినట్టే ఉండేవి. వరసగా, ముత్యాల్లా. వాడు చచ్చిపోతున్నానని ఇంటికి ఉత్తరం కూడా రాసిపెట్టుకున్నాడు. డాక్టరు చూసి, ఇవి పుట్టుకతో వచ్చిన సొమ్ము, పట్టుకుపో అన్నాడట. వాడికిప్పుడు మనవలు. కాబట్టి నీవీ అవే అయి ఉంటాయని నా నమ్మకం. నా నమ్మకంతో పనికాదు, నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి. రోప్‌వే కింద ఊళ్లో చర్మం డాక్టరు ఉంటారుగా, వెళ్లి చూపించు.

ఈలోగా కొన్ని అడుగుతాను, నీకు నువ్వే జవాబు చెప్పుకో. అవి చాలా ఉన్నాయా, లేక ఒక్కటే ఉందా? మెత్తగా ఉందా, వేలికి గట్టిగా తగులుతోందా? నెలలు గడిచేకొద్దీ పెరుగుతోందా? పైన చిట్లి పుండులా అయిందా? బట్టకి నెత్తురు మరక అంటుతోందా? ముందు చర్మం వెనక్కి రావడం మానేసిందా? ఎంత కడిగినా వాసన వస్తోందా? గజ్జల్లో ఏదైనా గడ్డ చేతికి తగులుతోందా?

ఇవేవీ లేకపోతే పెద్దగా భయపడకు. అయినా వెళ్లు.

ఆ అమ్మాయికి ఒక ముక్క రాయి. ఆరోగ్యం బాగాలేదు, కోలుకున్నాక రాస్తాను అంటే చాలు. నిజమే కదా.

బావ


కొండ మీద
గురువారం

బావా,

వెళ్లాను.

రోప్‌వే తొట్టిలో ఖాళీ కిరోసిన్ డబ్బాల మధ్య కూర్చుని దిగాను. సగం దారిలో మబ్బు దాటుతుంటే చెవుల్లో చప్పుడు ఆగిపోయింది, నా గుండె ఒక్కటే వినిపించింది. డాక్టరు ఆవిడ. అది ముందు తెలిస్తే అదే తొట్టిలో వెనక్కి వచ్చేవాణ్ణి. అక్క వయసు ఉంటుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశారు. ఒక్క నిమిషం. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఈ కాలినట్టున్న చర్మం ఏమిటి?"

"నేల మందండీ."

"దీనికి మాత్రం మందు రాస్తాను. మిగతాదానికి అక్కర్లేదు."

"అంటే నయం కాదా అండీ?"

"రోగమైతే కదా నయం కావడానికి? అవి మీ చర్మమే. చాలామంది మగవాళ్లకి ఉంటాయి, అందరూ మీలాగే దాచుకుంటారు. అంచు చుట్టూ వరసగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి చూశారా? అంటవు, ఎవరి దగ్గర్నుంచీ రావు, ఎవరికీ పోవు. వయసు మీద పడితే కొంత తగ్గుతాయి కూడా. ఆ పసుపు చుక్కలు నూనె గ్రంథులు. మీ పై పెదవి అంచున కూడా ఉన్నాయి, అక్కడ నేల మందు రాయలేదేం?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడ అటు తిరిగి ఏదో రాసుకుంటున్నట్టు కూర్చున్నారు. ఆ ఒకసారి సంగతి కూడా చెప్పాను. దానికీ దీనికీ సంబంధం లేదనీ, అయినా పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం ఇద్దరికీ మంచిదనీ అన్నారు. చేయించుకున్నాను. ఫలితం నిన్న పెద్దాయన ఫోనుకే వచ్చింది, అన్నీ బాగున్నాయని. ఏ పరీక్షరా అని ఆయన అడిగితే రక్తహీనత అన్నాను. పాలు తాగమన్నారు.

మరి దేనికి భయపడాలి అని అడిగాను. చెప్పారు. పులిపిర్లు కాలీఫ్లవర్ ముక్కలా గుంపుగా పెరుగుతాయట, అవి అంటుకుంటాయి, చూపించాలి. మంటపుట్టే నీటి పొక్కులు వస్తే చూపించాలి. నొప్పి లేని పుండు పడితే ఇంకా తొందరగా చూపించాలి. ఆ తరువాత పెన్ను పక్కన పెట్టి ఒక్కోటీ నెమ్మదిగా అన్నారు: ఒక్కటే గడ్డ, గట్టిగా, పెరుగుతూ, నాలుగు వారాలైనా మానకుండా. నెత్తురు మరక. ముందు చర్మం వెనక్కి రాకపోవడం. వాసన. గజ్జల్లో గడ్డ. "నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చుంటారు. నన్ను భయపెట్టేది అదే" అన్నారు.

తిరిగి వస్తుంటే మబ్బు విడిపోయింది. లోయంతా కడిగిన గాజులా ఉంది. నేను తేలుతున్నట్టే ఉన్నాను, సగం దారిదాకా. అక్కడ నీ ఉత్తరం గుర్తొచ్చింది. జేబులోంచి తీసి చూశాను.

బావా, ఆవిడ చెప్పినవీ నువ్వు అడిగినవీ ఒకటే. నాకు చాలా ఉన్నాయని ముందే రాశాను. "పెరుగుతోందా, తగులుతోందా" అని ఒక్కదాన్ని గురించి ఎందుకు అడిగావు?

మబ్బు


బైండింగ్ షాపు
సోమవారం

మబ్బూ,

చల్లని మాట రాశావు. ఈ వారమంతా నా కుట్లు వంకర పోలేదు. ఆ అమ్మాయి నోటుపుస్తకాలు పూర్తయ్యాయి. వెన్నుకి ఆకుపచ్చ గుడ్డ వేశాను. పుస్తకాలు బిగించే ప్రెస్సులోంచి తీసి బల్ల మీద పెడితే, తలుపు తెరవగానే గాలికి పేజీలు వాటంతట అవే కదిలాయి, లోపల ఏదో చెట్టు ఊగుతున్నట్టు. ఆమె కాసేపు చెయ్యి పెట్టకుండా చూస్తూ నిలబడింది. నీ ముక్క అందిందట.

ప్రశ్నలదేముంది. మొన్నామధ్య ఒక వైద్య పుస్తకం బైండింగుకి వచ్చింది. పేజీలు సర్దుతూ కంటబడినవి చదివాను. పైగా హాస్టల్లో ఇలాంటివి విన్నవే. మీ అక్క కులాసా. ఆదివారం ఇంటికి సున్నం వేయిస్తోంది.

బావ


కొండ మీద
గురువారం

బావా,

నువ్వు నాకు నేర్పిందే నీకు చెబుతాను. నువ్వూ రెండు కారణాలు చెప్పావు, పుస్తకమూ హాస్టలూ.

అక్క ఉత్తరం రాసింది. నీకు చెప్పొద్దంది. చెబుతున్నాను. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "మీ బావ ఆర్నెల్లుగా తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. ఇరవయ్యేళ్లలో ఒక రుమాలు ఉతికిన మనిషి కాదు. పక్కగదిలో పడుకుంటున్నాడు, నడుం నొప్పి అంటాడు. నడుం నొప్పి ఉన్నవాడు నిలబడి పనిచేస్తాడా? నాకు ఏ మాటా చెప్పడు. ఎవరైనా ఉందేమో. నువ్వు మగాడివి, నీకు చెప్పి ఉంటాడు. ఉంటే దాచకుండా రాయి, తట్టుకుంటాను."

తట్టుకుంటానన్న మాట దగ్గర ఇంకు చెదిరి ఉంది.

నేనేమని జవాబు రాయను? నువ్వు చెప్పు. వచ్చే గురువారం లోపు నిజం రాయకపోతే నేనే దిగి వస్తాను.

మబ్బు


బైండింగ్ షాపు
ఆదివారం, షాపు మూసి

మబ్బూ,

మీ అక్క అలా అనుకుంటోందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి అని రాయబోయాను, కొట్టేశాను. చెప్పేవాణ్ణి కాదు.

ఏడు నెలలైంది. ముందు చర్మం కొన్నేళ్లుగా బిగుసుకుంటూ వస్తోంది, వయసు అనుకున్నాను. ఒకరోజు స్నానంలో దాని కింద బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. పోతుందిలే అనుకున్నాను. తగ్గలేదు, పెరిగింది. పైన చిట్లింది. కూర్చుంటే ఒరుసుకుని నెత్తురు మరక పడుతోంది. అందుకే ఉతుకుడు. వాసన మీ అక్కకి తెలుస్తుందని పక్కగది.

వైద్య పుస్తకం మాట సగం నిజం. నిజంగానే వచ్చింది. చూద్దామని ఆ పేజీకి నేనే వెళ్లాను. ఒక మాట చదివాను, మూసేశాను, ప్రెస్సులో పెట్టి బిగించాను. అడిగిన టైము కంటే మూడు వారాలు ఎక్కువ ఉంచాను దాన్ని. ఇచ్చేస్తే ఆ మాట బయటికి వచ్చేస్తుందన్నట్టు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకు అసూయ కలిగిందిరా. చదువుతుంటేనే తెలిసిపోయింది నీకేమీ లేదని. వీడు ఏమీ కానిదానికి ఇంత భయపడగలుగుతున్నాడు, నేను ఇంత దానికి ఎందుకు భయపడలేకపోతున్నాను అనిపించింది. భయపడితే వెళ్లాలి. వెళితే ఒకరి ముందు బట్ట తియ్యాలి. వాళ్లు ఆ మాట అంటారు. కోసేస్తామంటారు. యాభై నాలుగేళ్లకి మీ అక్క ముందు ఏ మొహంతో నిలబడను? నీకు రాసిన ప్రశ్నలన్నిటికీ నా జవాబు అవునే, చివరిదానికి తప్ప. గజ్జల్లో రోజూ తడుముకుంటున్నాను. ఇంకా లేదు.

ఈ మధ్య ఒక కల వస్తోంది. షాపులో అట్టలు లేని పుస్తకాలు గాల్లో తేలుతుంటాయి. వాటిని పట్టుకుని కుట్టాలి. నా చేతిలో సూది ఉంటుంది, దారం ఉండదు. భయం వెయ్యదు కలలో. మెలకువ వచ్చాకే.

బావ


కొండ మీద
గురువారం

బావా,

ఉత్తరం అందిన గంటకే రాస్తున్నాను, తొట్టి దిగేలోపు.

పెద్దాయన ఫోనులోంచే డాక్టరమ్మకి చేశాను. ఆయన గదిలోనే ఉన్నారు, విననీ అనుకున్నాను. వివరాలన్నీ చెప్పాను. మీ ఊరి పెద్దాసుపత్రిలో ఆమెకి తెలిసిన సర్జన్ ఉన్నారట, వచ్చే శుక్రవారమే చూస్తానన్నారు. ఆయనకి చూపించడానికి నీ జబ్బు వివరాలు రాసిన చీటీ దీంతో పెడుతున్నాను. "గజ్జల్లో గడ్డ లేకపోతే ఇంకా టైముంది, కానీ వారం కూడా వృథా చెయ్యొద్దనండి" అన్నారు.

నేను మాట్లాడటం అయ్యాక పెద్దాయన లేచి తలుపు దగ్గరగా వేసి, "ఎన్ని రోజులు సెలవు కావాలి?" అని అడిగారు. అంతే.

అక్కకి నువ్వే చెప్పాలి. నాకంటే ముందు.

మబ్బు


ఇంట్లో, కిటికీ పక్కన
శనివారం

మబ్బూ,

చెప్పాను.

మీ అక్క వంటింట్లో గ్లాసులు తుడుస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీ చీటీ ఆమె చేతిలో పెట్టాను. చదివింది. తుడుస్తున్న గ్లాసు బోర్లించి, ఇంకోటి తీసి తుడవడం మొదలుపెట్టింది. అదీ బోర్లించాక అడిగింది.

"ఇదా?"

"ఇదే."

"ఇంకెవరూ లేరా?"

"నాకెవరుంటారు?"

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "ఒక్క క్షణం సంతోషించాను" అంది. "ఇంకో ఆడది లేదని సంతోషించాను. నేనేం మనిషిని?" అని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. "ఆర్నెల్లు ఆ బట్టలు చన్నీళ్లలో ఉతికావా? నెత్తురు మరకకి చన్నీళ్లే మంచిదిలే" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకీ.

నిన్న వెళ్లాం. మీ అక్క లోపలికి కూడా వచ్చింది, నేను వద్దన్నా. సర్జన్ నీ వయసువాడు, నా మొహంలోకి చూస్తూ మాట్లాడాడు. నేను ప్రెస్సులో బిగించిన మాట అతనే అన్నాడు. క్యాన్సర్ కావచ్చు అన్నాడు. గోడ కూలలేదు. మీ అక్క నోటుపుస్తకంలో రాసుకుంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. గజ్జలు స్కాన్ చేశారు, శుభ్రంగా ఉన్నాయట. ముక్క ఫలితానికి వారం పైన పడుతుంది.

నువ్వు సెలవు ఇప్పుడే వాడెయ్యకు. అవసరమైనప్పుడు రా.

బావ


ఇంట్లో
బుధవారం

మబ్బూ,

అదే. కానీ మొదటి దశ. లోతుకి దిగలేదు. ముందు చర్మమూ, దాని కింద మొన మీది కొంచెం భాగమూ తీస్తే చాలనుకుంటున్నారు. మిగతాదంతా ఉంటుంది. నేనిన్నాళ్లు కలగన్నంత కోత కాదు. మొదటి నెలలోనే వచ్చి ఉంటే ఇంకా తక్కువ పోయేదన్నాడు. ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే అని అడిగాను. కాగితాలు సర్దుకున్నాడు.

మంగళవారం ఆపరేషన్. ఇప్పుడు రా.

బావ


కొండ మీద
గురువారం

బావా,

నిన్ను ఇంట్లో దించి వచ్చి రెండు వారాలు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చినట్టు అక్క రాసింది. ఆ ఉత్తరం పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన బయటికి వెళ్లి, ఆకాశంలో ఎంత భాగం మబ్బుందో రాయాల్సిన గడిలో సున్నా రాసి వచ్చారు. నిజంగానే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఒక పని చేశాను. ఆ అమ్మాయి వాళ్ల మొక్కల నర్సరీకి వెళ్లాను. ఆమె మట్టి చేతులతో నారుమడి దగ్గర కూర్చుని ఉంది. నీళ్ల తుంపర గాల్లో నిలబడి ఉంది, దాని వెనక ఆమె ఉందో లేదో అన్నట్టు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. బొడిపెలు, నేల మందు, ఆరేళ్ల కిందటి సంగతి, రక్తపరీక్ష. చెబుతున్నంతసేపూ నారు మీదే చూపు పెట్టాను.

ఆమె ఒక ఆకు తెంపి తిప్పి చూపించింది. వెనక నిండా చిన్న చిన్న చుక్కలు. "ఇది తెగులా?" అని అడిగింది. తెలియదన్నాను. "కాదు. ఈ ఆకు ఇలాగే ఉంటుంది. తెలియనివాళ్లు తెగులనుకుని మొక్కంతా పీకేస్తారు. ఉత్తరాలు రాకపోతే నేనూ అలాగే అనుకున్నాను, నాలోనే ఏదో ఉందని."

ఆ మాటకి తల ఎత్తలేకపోయాను. నా సిగ్గు నాది ఒక్కడిదే అనుకున్నానింతకాలం.

"రక్తపరీక్ష నేనూ చేయించుకుంటాను, సరేనా? ఇంకెప్పుడైనా ఒంట్లో ఏదైనా కనిపిస్తే ముందు నాకు చెప్పాలి, తరువాత మందు" అంది. ఒప్పుకున్నాను. పెళ్లి అనుకున్న రోజుకే. నువ్వు అప్పటికి కూర్చోగలవో లేదో కనుక్కోమంది. లేకపోతే నీ ఎత్తు బల్ల తెప్పిస్తుందట.

మబ్బు


ఇంట్లో
శుక్రవారం, మధ్యాహ్నం

మబ్బూ,

పెళ్లయి నెల దాటింది, కొత్తకాపురంలో ఉత్తరాలు రాయవని తెలిసి నేనే రాస్తున్నాను. ఇవాళ నా మూడో నెల చెకప్.

రెండేళ్లపాటు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. కుట్లు ఎప్పుడో మానాయి. రూపు కొంచెం మారింది. మొదట్లో చూసుకోబుద్ధి కాలేదు, ఇప్పుడు మామూలైపోయింది. మిగతా సంగతులు మీ అక్కకీ నాకూ తెలుసు, నీకెందుకు. మళ్లీ ఆ గదిలోనే పడుకుంటున్నాను, అంతే చెబుతాను.

ఆసుపత్రిలో ఆ పొడుగు వరండా నీకు తెలుసుగా. పొద్దుటి ఎండ పైనున్న గాజు రెక్కల్లోంచి పడి నేల మీద నీళ్లలా కదులుతుంది. అందరూ ఆ వెలుగులో కాళ్లు పెట్టుకుని ఎక్కడో తేలుతున్నట్టు కూర్చుంటారు. మీ అక్క చీటీ రాయించడానికి వెళ్లింది. నా పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే ఉన్నాడు. నా వయసే ఉంటుంది. పేరు పిలిచినప్పుడల్లా లేవబోయి మళ్లీ కూర్చుంటున్నాడు. రెండుసార్లు పిలిచారు, లేవలేదు. నర్సు ఇంకొకర్ని పిలిచి లోపలికి పంపింది.

కాసేపటికి గోడకేసి చూస్తూ నాతో అన్నాడు.

"మా స్నేహితుడి కోసం వచ్చానండి. కనుక్కుని చెబుదామని."

"ఏమైందండీ ఆయనకి?"

"ఏమీ లేదు. ఒక చిన్న గడ్డ. అక్కడ. నొప్పి కూడా లేదట."

"ఎన్నాళ్లైందట?"

చేతిలో టోపీ తిప్పుతూ లెక్క చూసుకున్నాడు. "మూడు నెలలు ఉంటుందేమోనండి."

నీకు రాసిన ప్రశ్నలు అడగబోయాను. ఆగిపోయాను. ప్రశ్నలు అడగడం తేలిక, నేను ఏడు నెలలు అదే చేశాను కదా. అందుకని నాది చెప్పాను. గింజంత దగ్గర్నుంచి, చన్నీళ్లలో బట్టలు, పక్కగది, కోత, అంతా. ముక్కూ మొహం తెలియని మనిషికి, పట్టపగలు, వరండాలో. ఎదురుగా ఉన్న ముసలాయన కూడా విన్నాడు. విననిచ్చాను.

ఆయన టోపీ తిప్పడం ఆపాడు.

"కోశాక మీకు బాగానే ఉందాండీ?"

"ఉంది. భయం ఇంకా ఉంది, మనిషినీ ఉన్నాను."

నర్సు బయటికి వచ్చి ఆయన పేరు మూడోసారి పిలిచింది. ఆయన నా వైపు చూశాడు.

"మీ స్నేహితుణ్ణి లోపలికి తీసుకెళదాం రండి" అన్నాను. "తలుపుదాకా నేనూ వస్తాను."

టోపీ బెంచీ మీదే పెట్టి లేచాడు.

బావ